అయిదడుగుల దూరానికి ఏ లెన్సు?

హాన్‌కాక్, మిషిగన్
మార్చి 3, 2009

రెయినో బాబాయ్‌కి,

ఎలా ఉన్నావని అడిగితే "చెవులు తప్ప అన్నీ ఉన్నాయి" అంటావని తెలుసు కనుక అడగడం లేదు. ఫోన్ చేస్తే నువ్వు "ఏమిటీ? ఏమిటీ?" అనడం, నేను అరవడం, పక్కింటివాళ్ళు కిటికీ తెరవడం తప్ప పనేమీ జరగదు. అందుకే ఉత్తరం. రోజంతా పోస్టాఫీసు కిటికీలో కూర్చుని స్టాంపులమ్మి, ఇంటికొచ్చి మళ్ళీ కవరు అంటించడమంటే మిఠాయి కొట్టువాడు ఇంట్లో లడ్డూ తినడం లాంటిదే. అయినా తప్పదు.

సంగతేమిటంటే, నేనొక డిజిటల్ కెమెరా కొన్నాను. లెన్సు ఊడదీసి ఇంకోటి పెట్టుకునే రకం, అందులో కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసింది. డబ్బాలోనే ఒక లెన్సు వచ్చింది, పద్దెనిమిది నుంచి యాభై అయిదు అని రాసి ఉంది. అది చాలదని కొట్టువాడు ఇంకో మూడు బల్ల మీద పరిచి ముప్పావుగంట మాట్లాడాడు. నేను తల ఊపుతూ నిలబడి, తల నొప్పి తెచ్చుకుని వచ్చేశాను.

నువ్వు ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిపిల్లల ఫోటోలు తీసినవాడివి. నువ్వే చెప్పు. నేను తియ్యాల్సింది నలభై అడుగుల దూరంలో ఉంటుంది. నన్ను చూసిందంటే లేచి పోతుంది. రోజుకోసారే బయటికొస్తుంది. దానికి ఏ లెన్సు కావాలి?

నాన్న బాగానే ఉన్నాడు. మంచు ఊడుస్తున్నాడు. నీ క్రిస్మస్ కార్డు ఫ్రిజ్ మీద ఇంకా ఉంది.

నీ అన్న కూతురు,
మర్లిస్

---

మార్చి 4

బాబాయ్,

ఇది నీకు పంపను. రాసి సొరుగులో పడేస్తాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పోస్టాఫీసులో పార్సెళ్ళ మధ్య కూర్చుని ఏడ్చేలా ఉన్నాను.

నిన్న రాసినవి అబద్ధాలు. నాన్న మంచు ఊడవడం లేదు, నేనే ఊడుస్తున్నాను. జనవరిలో ఊపిరితిత్తుల్లో రాచపుండు అని తేలింది. ఎండాకాలం చివరిదాకా ఉంటే గొప్పేనని డాక్టరమ్మ నాతో విడిగా అంది. నాన్న వైద్యం వద్దన్నాడు. నీకు చెబుదామంటే, "రెయినోకి చెప్పావంటే చూడు! వాడు కెమెరా, దువ్వెన పట్టుకుని దిగుతాడు" అన్నాడు. మాట తీసుకున్నాడు.

అమ్మ పోయినప్పుడు పేపరువాళ్ళు ఫోటో అడిగారు. సొరుగు నిండా ఉన్నాయి, ఏదివ్వాలో తేలక నేనూ నాన్నా మధ్యాహ్నమంతా కూర్చున్నాం. నాన్నది ఒక్కటీ లేదు. ప్రతి పండగకీ కెమెరా కనబడగానే కట్టెలు తేవడానికి వెళ్ళిపోయేవాడు. డ్రైవింగు లైసెన్సు మీద తపాలా బిళ్ళంత ముఖం ఉంది, అంతే. ఆయన పోయాక చూసుకోవడానికి నాకొక ఫోటో కావాలి. నిద్ర చాలక కళ్ళు మండుతున్నాయి, ఇంకేమీ అడిగే ఓపిక లేదు. ఒక్కటి చాలు.

మ.

---

టోలీడో, ఒహాయో
మార్చి 10

మర్లిస్ తల్లీ,

ఎన్నాళ్ళకి నన్నొకళ్ళు పనికొచ్చే ప్రశ్న అడిగారు! ఇక్కడ నన్నడిగేది "రెయినో గారూ, వినబడుతోందా?" అని ఒక్కటే.

నువ్వు చెప్పకపోయినా అర్థమైంది, కొంగ. బూడిదరంగు కొంగే కదూ? మనిషి కనిపిస్తే చాలు, కోర్టు వాయిదాకి ఆలస్యమైనట్టు లేచిపోతుంది. నలభై అడుగులంటే డెబ్భై నుంచి మూడు వందల దాకా సాగే పొడుగు లెన్సు కావాలి. అంకె పెరిగేకొద్దీ దూరంది దగ్గరికొస్తుంది, తగ్గేకొద్దీ ఎక్కువ చోటు పడుతుంది. కొనకు, ముందు ఎవరిదైనా అడిగి తెచ్చుకో. కింద మూడుకాళ్ళ స్టాండు పెట్టు, లేకపోతే చెయ్యి వణికి కొంగ కాస్తా గొంగళి అవుతుంది. నువ్వు ఊపిరి బిగబట్టి కాదు, వదిలి నొక్కాలి. ఇక డబ్బాలో వచ్చిన ఆ లెన్సు ఉందే, అది వట్టి సీసా అడుగు గాజు. బల్ల సొరుగులో పెట్టి మరిచిపో.

నన్నడిగితే కొంగలే నయం. రోజుకి నాలుగు వందల మంది పిల్లలు, ఫోటోకి ముందు పంచే నాలుగు వందల దువ్వెనలు, నాలుగు వందల సార్లు అదే చచ్చు జోకు. మూడోవాడు ఏడుస్తాడు, పదోవాడు నాలుక బయట పెడతాడు. రిటైరై పదకొండేళ్ళయినా, దారిలో ఏ పిల్లాడైనా నన్ను చూసి పళ్ళు ఇకిలిస్తే తల తిప్పుకుంటాను.

నవంబరులో అన్నయ్యకి ఎనభై వస్తాయి కదా. ఈసారి ఏమైనా చేస్తున్నారా? రమ్మంటే వస్తాను. అనకపోతే కార్డు పంపుతాను, ఎప్పుడూ పంపుతున్నట్టే.

కొంగ పడితే నాకో కాపీ పంపు.

రెయినో

---

హాన్‌కాక్
మార్చి 17

బాబాయ్,

పార్సెళ్ళ బండి తోలే ఆయన జింకల కోసం కొనుక్కున్న పొడుగు లెన్సు ఇచ్చాడు. మా పిల్లి కన్నా బరువుంది. స్టాండు మేడ మీది కిటికీ దగ్గర పెట్టాను.

కొంగ తొమ్మిదికి కట్టెల పాక ముందుకి వస్తుంది. ఎండ తగిలే గోడ పక్కన ఇరవై నిమిషాలుంటుంది. గాలి లేస్తే ఇంకా ముందే వెళ్ళిపోతుంది. ఎప్పుడూ కుడివైపే నాకు కనబడుతుంది, ఎడమవైపు గోడకి తిప్పి కూర్చుంటుంది. నిన్న పన్నెండు తీశాను. ఏడు మసక, మూడింటిలో వీపు, ఒకదానిలో పాక తలుపు. బాగా వచ్చిందనుకున్నది పెద్దదిగా చేసి చూస్తే, టోపీ అంచు నీడలో ముఖమే లేదు. ఈరోజు గాలి ఎక్కువై, కాఫీ సగం కప్పులోనే వదిలేసి లోపలికి పోయింది.

నాకు ఓపిక అయిపోతోంది బాబాయ్. పొద్దున తొమ్మిదింటికి కిటికీ దగ్గర, తొమ్మిదిన్నరకి పోస్టాఫీసులో, సాయంత్రం వంట, గిన్నెలు, పొయ్యిలోకి కట్టెలు. ఇంకేదైనా లెన్సు ఉందా, దూరం నుంచే ముఖం తెచ్చిచ్చేది?

నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

మర్లిస్

(ఆ చివరి మాట నేను కల్పించలేదు. "టోలీడోలో వాడు ఇంకా ఆ పసుపు చొక్కానే వేస్తున్నాడా?" అన్నాడు. అది అడిగినట్టే లెక్క.)

---

టోలీడో
మార్చి 24

మర్లిస్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు చెవుడు గానీ మతి పోలేదు.

మార్చిలో హాన్‌కాక్‌లో కొంగ ఎక్కడిది? సరస్సు మీద ఇంకా లారీలు నడిచేంత మంచుగడ్డ ఉంటుంది. చేపల్లేని చోటికి ఏ కొంగా రాదు. వచ్చినా టోపీ పెట్టుకోదు. కాఫీ అంతకన్నా తాగదు. ఎడమ చెంప గోడకి తిప్పి కూర్చునే ప్రాణి ఆ ఊళ్ళో ఒక్కటే ఉంది, దాని పేరు వైనో, అది నాకు అన్న.

కన్నతండ్రి ఫోటో మేడ మీద నుంచి దొంగతనంగా తీస్తావా? జింకల లెన్సుతోనా? సిగ్గుండాలి. ముందు కోపమొచ్చింది. తరవాత, ఆయన్ని అలా చేసింది నేనే కదా అనిపించి కూర్చుండిపోయాను. మీ అమ్మ నీకు చెప్పిందో లేదో.

అరవై ఒకటిలో కోత మిల్లులో రంపం పట్టా తెగి అన్నయ్య ఎడమ చెంప మీద కొట్టింది. చెవి నుంచి గడ్డం మూల దాకా గీత పడింది. అరవై ఎనిమిదిలో మీ అమ్మ హెల్వితో పెళ్ళి. ఫోటో నేనే తీశాను, అదే నా కానుక. అప్పటికి నాకు బడి ఫోటోల పనిలో ఎనిమిదో ఏడు. మొటిమలు, గాయాలు, చీమిడి మరకలు సన్న కుంచెతో చెరిపెయ్యడం చేతికి అలవాటైపోయింది. వాటితో పాటే ఆ గీతనీ చెరిపేశాను. రెండు సాయంత్రాలు కష్టపడ్డాను తల్లీ. చెంప పాలమీగడలా వచ్చింది. సంతోషపడతాడనుకున్నాను.

అన్నయ్య కవరు తెరిచి చాలాసేపు చూశాడు. "ఎవరితను?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "హెల్వి చేసుకున్నది వీణ్ణి కాదు" అని ఫోటో కవర్లో పెట్టి నా చేతికిచ్చేశాడు. అంతే, కేక లేదు, తగువు లేదు. మళ్ళీ ఏ కెమెరా ముందూ నిలబడలేదు. నలభయ్యొక్క ఏళ్ళయింది. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుచేత పొడుగు లెన్సు తిరిగిచ్చెయ్. ముఖం కావాలంటే ముఖం ముందుకు పోవాలి. ఈ కవరుతో పాటు పార్సెల్లో నా పాత యాభై లెన్సు పంపుతున్నాను. వెలుతురు తక్కువున్నా ఒడుపుగా పట్టుకుంటుంది, వంటగది కిటికీ వెలుగు చాలు. కిటికీకి పక్కగా నేల మీద తెల్ల టేపుతో కూడిక గుర్తు వెయ్యి. అక్కణ్ణించి అయిదడుగులు వెనక్కి నువ్వు నిలబడు. తల నుంచి నడుము దాకా వస్తుంది, నా మాట నమ్ము. కెమెరా చూపించకు, బతిమాలకు. టేపు వేసి ఊరుకో. కెమెరా చూస్తే బిగుసుకుపోయే పిల్లలు కూడా టేపు చూస్తే వెళ్ళి దాని మీద నిలబడతారు. ఎందుకో నాకూ తెలియదు.

ఎనభయ్యో పుట్టినరోజుకి బొమ్మ కట్టించాలనే కదా నీ ఆత్రం. నవంబరు ఎక్కడ, మార్చి ఎక్కడ. తొందరేమీ లేదు.

రెయినో

---

హాన్‌కాక్
ఏప్రిల్ 2

బాబాయ్,

తొందర లేదట. హాయిగా చెప్పావు.

నీ లెన్సు చేరింది. బిగించాను. తనంతట తాను గురి కుదుర్చుకుంటుందని చూస్తే ఉలకదు, పలకదు. కొట్టువాడిని అడిగితే, ఇలాంటి పాత లెన్సుని తిప్పే మోటారు కొత్తవాళ్ళ కెమెరాలో పెట్టరట, చేత్తో రింగు తిప్పుకోవాలట. సరిగ్గా కుదిరినప్పుడు కెమెరాలో కన్ను పెట్టి చూసే చోట, మూలలో చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. తల కొంచెం కదిలితే ఆరిపోతుంది. నా చేతులా, పొద్దంతా పార్సెళ్ళెత్తి తాడులా అయిపోయాయి.

టేపు వేశాను. అక్కణ్ణించి అయిదడుగులు జరిగేసరికి నా వీపు వెనక పొయ్యి వచ్చింది. ఇంకో అంగుళం వెనక్కి పోతే నా వెంట్రుకలు అంటుకుంటాయి. నడుము దాకా వస్తుందన్నావు కదా. తుడుపుకర్రని టేపు మీద నిలబెట్టి, దానికి నాన్న టోపీ తగిలించి చూశాను. టోపీ, దాని కింద జానెడు కర్ర, అంతే వచ్చింది. నడుము ఎక్కడ బాబాయ్? ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం అన్నావే!

నాన్న టేపు చూశాడు. నాలుగు రోజుల నుంచి బురదగుంట దాటినట్టు దాన్ని దాటి సింకు దగ్గరికి పోతున్నాడు. అటు అడుగు వెయ్యడు, ఇటు అడగడు.

పెళ్ళి ఫోటో సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. దాని కోసమే కాబోలు అమ్మ కొట్టిన మేకు మాత్రం గోడ మీద ఇంకా ఉంది. దానికి క్యాలెండరు తగిలిస్తాం.

నేను నవంబరు దాకా ఆగలేను. ఎందుకని అడక్కు, నాన్నకి మాటిచ్చాను.

మర్లిస్

---

టోలీడో
ఏప్రిల్ 9

మర్లిస్ తల్లీ,

నీ తుడుపుకర్ర నా పరువు తీసింది. ఇక్కడ కెమెరా కొట్లో పనిచేసే అమ్మాయికి నీ ఉత్తరం చూపించాను. పాతికేళ్ళుంటాయి, ముక్కుకి పోగు. నవ్వాపుకుని కాగితం మీద రాసి చూపించింది. మీ కెమెరాల్లో ఫిల్మున్న చోట ఉండే పలక, ఫిల్ము కన్నా చిన్నదట. అందుకని నా యాభై నీ దాంట్లో డెబ్భై అయిదులా పనిచేస్తుందట. అంటే నేను చెప్పిన అయిదడుగులు ఫిల్ము కాలం నాటి అయిదడుగులు. అంత చిన్న వంటగదికి నీకు ముప్ఫై అయిదు కావాలి. తప్పు నాదే. ఈ మాట నా నోట అరవై ఎనిమిదిలో రావాల్సింది.

యాభైని తిరిగి పంపించు. ముప్ఫై అయిదు కొనుక్కో.

ఇక రెండో సంగతి. ఎందుకని అడక్కు అన్నావు, మాటిచ్చానన్నావు. అడగను, అర్థమైంది. పుట్టినరోజు ముందుగానే, నేను లేకుండా చేసుకుందామనుకున్నారు. పిలవొద్దని అన్నయ్య నీ దగ్గర మాట తీసుకున్నాడు. నీ మీద కోపం లేదు. కానీ, ఆ కార్డులు చదివేవాడా? లేక చదవకుండానే ఫ్రిజ్‌కి అంటించేవాడా? ఆ ఒక్కటి చెప్పు. నాకూ అలసటగా ఉంది. మనిషి డెబ్భై నాలుగేళ్ళకి కూడా పిలుపు కోసం ఎదురుచూడటం బాగుండదు.

రెయినో

---

హాన్‌కాక్
ఏప్రిల్ 16

బాబాయ్,

నువ్వు అనుకున్నది తప్పు. పూర్తిగా తప్పు. మొదటినుంచీ అన్నీ నావల్లే అయ్యాయి. నిదానంగా చదువు.

మంగళవారం పొద్దున నేను పెనం తోముతున్నాను. నాన్న లోపలికొచ్చి టేపు దగ్గర ఆగాడు. చేతికర్రతో దాన్ని పొడిచాడు.

"ఇది రెయినో టేపు కదే?"

"నీకెలా తెలుసు?"

"వాడు ఫోటోలు తియ్యడానికి వచ్చినప్పుడు నీ బళ్ళో చూశాను. రెండో తరగతిలో ముందు పళ్ళు లేకుండా ఇలాంటి దాని మీదే నిలబడ్డావు. వాడు పోయాక జిమ్ నేల మీద ఏడాదంతా అలాగే ఉంది. వాడు ఊడపీకడు, అంటించడమే."

నేను పెనం తోముతూనే ఉన్నాను. నువ్వే చెప్పావుగా, బతిమాలకని.

"పదిహేను రోజులయింది. ఎవరి కోసం వేశావో చెప్పవేం?"

"నీ కోసమే నాన్నా."

"తెలుసు" అన్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. వెళ్ళి టేపు మీద నిలబడ్డాడు. కుర్చీ వేస్తానంటే, "నిలబడగలిగినన్నాళ్ళు నిలబడతాను, నోర్మూసుకుని కానివ్వు" అన్నాడు. కిటికీ ఆయనకి ఎడమపక్కన ఉంది. నెమ్మదిగా ముఖం కొంచెం కుడికి తిప్పి, ఎడమ చెంప వెలుగులో పెట్టాడు. "వాడు చెరిపింది ఈ వైపే కదా" అన్నాడు.

నీ యాభై ఇంకా పంపలేదు, మంచిదయింది. వీపు పొయ్యికి ఆనించి రింగు తిప్పాను. చుక్క వెలిగింది. ఆయన దగ్గాడు, ఆరింది. మళ్ళీ వెలిగింది. కెమెరా నిలువుగా పట్టుకోవాలని కూడా తోచలేదు, అడ్డంగానే తీశాను. మూడు తీసేసరికి ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నడుము రాలేదు బాబాయ్, నీ లెక్క తప్పింది కదా. చొక్కా కాలరు దాకా వచ్చింది. ముఖమే ఉంది, ఇంకేమీ లేదు. గీత మొత్తం ఉంది. ముప్ఫై అయిదుతో అయితే సింకు, గిన్నెలు, క్యాలెండరు అన్నీ వచ్చి ముఖం వేలెడంత అయ్యేది. అందులో మంచిది ఇక్కడ పెడుతున్నాను.

ఇప్పుడు నీకు చెప్పెయ్యమన్నాడు. జనవరి నుంచి ఊపిరితిత్తుల జబ్బు. ఎండాకాలం చివరిదాకా అంటున్నారు. వైద్యం వద్దన్నాడు. పుట్టినరోజు ఏదీ లేదు బాబాయ్, నిన్ను పిలవకుండా చేసుకోవడానికి. నాకు పోయాక చూసుకోవడానికి ఒక ఫోటో కావలసి వచ్చింది, అంతే. కార్డులన్నీ చదివాడు. పైకి చదివి నాకు వినిపించి, "వీడికి అక్షరాలు ఇంకా వంకరే" అనేవాడు.

ఫోటో వెనక రాసింది ఆయనే. కవరు అంటించబోతుంటే ఆపి, పెన్ను అడిగి తీసుకున్నాడు.

మర్లిస్

(ఫోటో వెనక)
రెయినో, ఈసారి గీత ఉండనీ. — వైనో

---

టోలీడో
ఏప్రిల్ 22

మర్లిస్,

ఫోటో నిన్న పొద్దున వచ్చింది. బల్ల మీద పెట్టి భూతద్దంతో చూశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ముఖాలే చూసినవాణ్ణి. నువ్వు ఉత్తరంలో రాయకపోయినా ఆ కళ్ళ కింద చూస్తే తెలిసేది. గీత నిండా సన్న ముడతలు పడ్డాయి, మీ తాత ముఖం మీద లాగా. చివర గడ్డం దగ్గర కొంచెం పైకి తిరిగి ఉంది. అది నాకు గుర్తే లేదు. రెండు సాయంత్రాలు దాన్ని చెరుపుతూ కూర్చున్నవాణ్ణి, అది ఎటు తిరిగి ఉందో చూడలేదు.

చెయ్యి అలవాటు కొద్దీ సొరుగులో కుంచె కోసం పోయింది. తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను. పెళ్ళి ఫోటో కవరు కూడా పడేద్దామనుకున్నాను గానీ అందులో మీ అమ్మ ఉంది, బాగా నవ్వుతోంది. ఏం చెయ్యాలో ఆయన్నే అడుగుతాను.

వచ్చే బుధవారం బస్సెక్కుతాను. గురువారం, ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నం రెండింటికి హాన్‌కాక్‌లో దిగుతాను. మధ్యలో మూడు బస్సులు మారాలి, ఎక్కడా ఎవరి మాటా వినబడదు, అయినా వస్తాను. రమ్మని అన్నయ్య అనలేదని తెలుసు. అనేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.

ముప్ఫై అయిదు దారిలో కొని తేనా? ఇంకేమైనా లెన్సు కావాలా? రాయి.

రెయినో

---

హాన్‌కాక్
ఏప్రిల్ 25

బాబాయ్,

ఇది ఎక్స్‌ప్రెస్‌లో వేస్తున్నాను, నువ్వు బస్సెక్కకముందే అందాలి. పోస్టాఫీసులో పదిహేనేళ్ళు చేసినందుకు ఆమాత్రం అధికారం ఉంది నాకు.

లెన్సు ఏదీ తేవద్దు. నాన్నకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "వాడి ఫోటో ఎవరి దగ్గరైనా ఉందా?" అన్నాడు. వెతికాను. నిజమే, నీదీ లేదు బాబాయ్. మా అందరివీ తీశావు, నువ్వెందులోనూ లేవు. "అయితే ఇద్దరం కూర్చుంటాం" అన్నాడు. నిలబడటం ఇప్పుడు కుదరడం లేదు.

నీ యాభై పెట్టి చూశాను, సగం నాన్నా, సగం నువ్వూ వస్తారు. అప్పుడు డబ్బాలో వచ్చిన లెన్సు, నువ్వు సీసా అడుగన్నదే, సొరుగులోంచి తీసి పద్దెనిమిది దగ్గర పెట్టాను. టేపుకి అటూ ఇటూ రెండు కుర్చీలు వేశాను. ఒకదాంట్లో నాన్నని కూర్చోబెట్టి, ఇంకోదాంట్లో తుడుపుకర్ర నిలబెట్టాను. పొయ్యికి వీపు ఆనిస్తే రెండు కుర్చీలూ పూర్తిగా వచ్చాయి, పక్కన ఇంకా చోటు మిగిలింది. నాన్న కర్ర వైపు చూసి, "వీడు చిక్కిపోయాడు" అన్నాడు. నవ్వి, దగ్గు ఆగక చాలాసేపు నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ పెళ్ళి ఫోటో కవరు తీసుకురమ్మన్నాడు, క్యాలెండరు తీసి మేకు ఖాళీ చేశాను. దువ్వెన కూడా తెమ్మన్నాడు.

గురువారం రెండింటికి బస్టాండులో ఉంటాను. మధ్యలో ఎక్కడా ఆగకు.

మర్లిస్